ఆన్సెల్ ఆడమ్స్ వెంట యోసెమిటీ

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో వైపు నుంచి 41వ నంబరు రోడ్డు మీద యోసెమిటీ లోయలోకి దిగేవారికి చివర్లో ఒక సొరంగం వస్తుంది. 1933లో తెరిచిన వవోనా సొరంగం అది. ముప్పావు మైలుకు పైగా కొండ కడుపులో సాగి కారు వెలుతురులోకి వచ్చేసరికి లోయ మొత్తం ఒక్కసారి ఎదుట నిలుస్తుంది. ఎడమవైపు దాదాపు 3,000 అడుగులు నిట్టనిలువుగా లేచిన ఎల్ క్యాపిటన్ రాతి గోడ, కుడివైపు బ్రైడల్‌వెయిల్ జలపాతం, ఆ రెంటి నడుమ దూరాన సగానికి కోసిన గోపురం లాంటి హాఫ్ డోమ్. సొరంగం బయట కారు నిలుపుకొనే చోటు పేరు టన్నెల్ వ్యూ. శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ ఊళ్ల నుంచి నాలుగైదు గంటల దారి కాబట్టి వేసవి వారాంతాల్లో ఇక్కడ తెలుగు మాట వినపడటం వింతేమీ కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను రాతి గోడ దగ్గర నిలబెట్టి, వెనక కొండలన్నీ వచ్చేలా పిల్లలు ఫోన్ ఎత్తి పట్టుకుంటారు. ఏ భాషవారైనా ఇక్కడికి రాగానే చేసే మొదటి పని ఇదే: ఒక ఫోటో తీయడం.

ఆ ‘తీయడం’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మన భాషలో బొమ్మ గీస్తాం, శిల్పం చెక్కుతాం, పాట కడతాం, పద్యం అల్లుతాం. ఫోటోని మాత్రం తీస్తాం. గీయడంలో, చెక్కడంలో, కట్టడంలో మనిషి చెయ్యి కనపడుతుంది. తీయడంలో, జేబులోంచి రుమాలు తీసినట్టు, అప్పటికే ఉన్నదాన్ని పైకి అందుకోవడమే ఉన్నట్టు తోస్తుంది. ఫోటోగ్రఫీని కళగా ఒప్పుకోనివారి వాదం కూడా ఇంతే. కొండ అక్కడే ఉంది, వెలుతురు దానంతట అది పడింది, మీట నొక్కినవాడి గొప్ప ఏమిటని వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు ఈ లోయలోనే నిలబడి జీవితాంతం జవాబు చెప్పినవారు ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984). ఫోటో దారిలో దొరికే వస్తువు కాదని, మనిషి పూనుకుని చేసే వస్తువని ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్ని ఆయన కెమెరా నిలిపిన చోట్ల నిలబడి పరీక్షించడమే ఈ ప్రయాణం. బొమ్మలో ఉన్న ప్రతి అంగుళానికీ, బొమ్మలో లేనిదానికీ కూడా, చేసినవాడు జవాబు చెప్పగలిగినప్పుడే అది మంచి కళ అవుతుంది. నేను చేరుకున్న తీర్పు ఇది. ఆడమ్స్ ఈ పరీక్షలో చాలాచోట్ల నెగ్గారు, కొన్నిచోట్ల తడబడ్డారు. ఆయన మీద గౌరవం ఉన్నవారు ఆ రెండూ చూడాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆడమ్స్ మొదట పియానో విద్వాంసుడు కావాలనుకున్నారు. 1916లో, పద్నాలుగేళ్ల వయసులో, తల్లిదండ్రులతో తొలిసారి యోసెమిటీకి వచ్చారు. అప్పుడు వాళ్లు ఆయన చేతికిచ్చింది కొడాక్ బ్రౌనీ డబ్బా కెమెరా. ఆ తర్వాత ఏటా ఇక్కడికి వస్తూనే ఉన్నా, 1930 ప్రాంతం వరకు పియానోనా, కెమెరానా అన్నది తేలలేదు. ఆయన కళను అర్థం చేసుకోవడానికి ఈ సంగతి చాలా అవసరం. పియానో ముందు కూర్చున్న విద్యార్థికి ఏ మెట్టు మీద వేలు ఎంత బరువుతో పడాలో ముందు మనసులో వినపడాలి, తర్వాతే వేలు కదలాలి. వేలు పడ్డాక వచ్చిన ధ్వనికి వాద్యాన్ని తప్పుపట్టడం కుదరదు. ఈ క్రమశిక్షణనే ఆయన కెమెరా దగ్గరికి తెచ్చారు. బొమ్మ ఎలా ఉండాలో ముందు మనసులో చూడాలి, ఆ తర్వాతే షట్టర్ నొక్కాలి అన్నది ఆయన సిద్ధాంతానికి పునాది. ఆయన దాన్ని విజువలైజేషన్ అన్నారు. తెలుగులో మనం ముందుచూపు అనుకోవచ్చు.

టన్నెల్ వ్యూ నుంచి రోడ్డు లోయ అడుగుకు దిగుతుంది. సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉన్న ఈ నేల మీద మెర్సెడ్ నది నెమ్మదిగా మెలికలు తిరుగుతుంది. ఇరువైపులా గడ్డి మైదానాలు. తూర్పు కొసన హాఫ్ డోమ్. దాని కోసిన ముఖం ఉదయమంతా నీడలోనే ఉంటుంది, మధ్యాహ్నం దాటుతుంటే ఎండ మెల్లగా దాని మీదికి మళ్లుతుంది. రాయి లేత బూడిద రంగు, నీరు జారే దారుల్లో నిలువునా నల్లటి చారలు, వెనక నీలాకాశం. 1927 ఏప్రిల్‌లో ఆడమ్స్, తర్వాత భార్య అయిన వర్జీనియా బెస్ట్, మరికొందరు మిత్రులు మంచు ఇంకా కరగని గండి గుండా ఎక్కి ఆ కొండ పడమటి భుజానికి చేరారు. డైవింగ్ బోర్డ్ అని పేరున్న బండ అది, లోయ అడుగు నుంచి సుమారు 3,500 అడుగుల పైన. వీపు మీద బరువైన వ్యూ కెమెరా, గాజు పలకలు. దారిలో కొన్ని పలకలు వాడేశారు, కొన్ని పాడయ్యాయి. రాతి ముఖం మీదికి ఎండ వచ్చే వేళకు మిగిలినవి రెండే.

ఒక పలకను మామూలుగా అందరూ వాడే పసుపు ఫిల్టరుతో వాడారు. వాడిన క్షణంలోనే తేడా తెలిసింది. అందులో కొండ ఉంటుంది, ఆకాశం ఉంటుంది, కానీ ఆ రాతి ముందు నిలబడినప్పుడు మనిషికి కలిగే భయంతో కూడిన గౌరవం ఉండదు. చివరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టారు. ఎర్ర గాజు నీలం వెలుతురును చాలావరకు లోపలికి రానివ్వదు. నీలాకాశం పడాల్సిన చోట పలక మీద వెలుతురు పడకపోతే ప్రింటులో ఆ చోటు నలుపెక్కుతుంది. అలా వచ్చిన ‘మోనోలిత్’ అనే ఫోటోలో ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది, ఆ నలుపు మీద రాతి ముఖం ఎవరో నిలబెట్టిన తీర్పులా ఉంటుంది. కింద అంచున మంచు తెల్లగా మెరుస్తుంది. ముందుచూపుతో తాను చేసిన మొదటి బొమ్మ ఇదేనని ఆడమ్స్ తర్వాత చెప్పుకున్నారు. రెండు పలకలకూ కొండ ఒకటే, కెమెరా ఒకటే, ఎండ ఒకటే. మారింది మనిషి నిర్ణయం. ఫోటోలో చేసినవాడి చెయ్యి లేదనే వాదానికి ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఆ మధ్యాహ్నం ఆకాశం నల్లగా లేదు కదా, అలా చూపడం అబద్ధం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయకూడదు. పైగా ఫోటోను పెయింటింగులా కాక ఫోటోలా ఉంచాలని గట్టిగా పోట్లాడినవారే ఆడమ్స్. ఆ కాలంలో చాలామంది ఫోటోగ్రాఫర్లు లెన్సును మెత్తబరిచి, ప్రింటు మీద కుంచె గీతల్లాంటివి తెచ్చి, తమ పని చూస్తే తైలవర్ణ చిత్రం గుర్తు రావాలని తాపత్రయపడేవారు. ఆడమ్స్ కూడా తొలినాళ్లలో మెత్తని ఫోకస్‌తో ప్రయోగాలు చేసినవారే. 1930లో ఫోటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ నెగెటివ్‌లు చూశాక ఆ దారి వదిలేశారు. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్, విల్లార్డ్ వాన్ డైక్ వంటి ఫోటోగ్రాఫర్లతో కలిసి గ్రూప్ ఎఫ్/64 ఏర్పాటు చేశారు. ఎఫ్/64 అంటే పెద్ద కెమెరా లెన్సులో దగ్గరి గులకరాయి నుంచి దూరపు శిఖరం దాకా అన్నిటినీ తేటగా చూపే అతి చిన్న రంధ్రం కొలత. ఫోటో ఇంకో కళ దగ్గర అప్పు తెచ్చుకోకూడదు, తన సొంత సాధనాలతోనే నిలబడాలన్నది వారి ప్రకటన సారం.

అలాంటప్పుడు ఎర్ర ఫిల్టరు ఎలా ఒప్పు? జవాబు ఆ సాధనం స్వభావంలోనే ఉంది. నలుపు తెలుపు ఫోటోలో ఆకాశం నీలంగా ఉండే వీలే లేదు. ఏదో ఒక బూడిద ఛాయ ఎంచుకోక తప్పదు. పసుపు ఫిల్టరు పెట్టినా, ఏ ఫిల్టరూ పెట్టకపోయినా అదీ ఎంపికే. ఎంచుకోవడం తప్పనిసరి అయినచోట, ఎంపికను కెమెరా తయారీదారుకు వదిలేయడం నిజాయితీ ఎలా అవుతుంది? బండ మీద నిలబడినవాడికి కలిగిన అనుభవానికి దగ్గరగా ఉన్న ఛాయను తెలిసి ఎంచుకోవడమే ఎక్కువ నిజాయితీ. ‘మోనోలిత్’ చూసినవారెవరూ ఆ రోజు వాతావరణ సమాచారం కోసం దాన్ని చూడరు. ఆ రాయి బరువు తెలుసుకోవడానికి చూస్తారు, అది తెలుస్తుంది కూడా. ఇదే ఫోటో పత్రికలో మబ్బు కమ్మిందనే వార్త పక్కన వేస్తే మాత్రం అబద్ధమే అవుతుంది. అంటే నిజం అబద్ధం అన్నవి ఫిల్టరులో లేవు, చూసేవారికి మనం ఇచ్చే మాటలో ఉన్నాయి.

లోయలోని ఊరి మధ్యలో ఆన్సెల్ ఆడమ్స్ గ్యాలరీ ఉంది. వర్జీనియా తండ్రి హ్యారీ బెస్ట్ 1902లో మొదలుపెట్టిన స్టూడియోయే తర్వాత ఈ రూపం తీసుకుంది. పుస్తకాల్లో, క్యాలెండర్లలో చూసిన బొమ్మలు ఇక్కడ అసలు ప్రింట్లుగా ఎదురైనప్పుడు ఆయన రెండో నమ్మకం అర్థమవుతుంది. నెగెటివ్ స్వరలిపి వంటిది, ప్రింటు కచేరీ వంటిది అని సంగీతం నేర్చిన ఆడమ్స్ పదేపదే చెప్పేవారు. మనవాళ్లకు ఈ పోలిక ఇంకా బాగా అందుతుంది. త్యాగరాజు కృతి ఒకటే, దానికి సంగతులు వేసే విద్వాంసులు వేరు. అదే విద్వాంసుడు ఇరవై ఏళ్ల వయసులో పాడినట్టు అరవైలో పాడడు. కృతి మారలేదు, పాడేవాడి లోపల పాకం మారింది. ఆడమ్స్ జీవితంలో దీనికి నిలువెత్తు సాక్ష్యం ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ అనే ఫోటో.

న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే చిన్న ఊరు. 1941 శరత్కాలంలో ఒక సాయంత్రం ఆడమ్స్ కారులో శాంటా ఫేకి తిరిగి వస్తున్నారు. ఊరి వెనక మంచు కొండల మీద చంద్రుడు లేచాడు. ఊరి చర్చి పక్క శ్మశానంలో తెల్లటి శిలువల మీద పొద్దుగూకే ఎండ చివరి అంచు ఉంది. పెద్ద కెమెరా బిగించేసరికి లైట్ మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుతురు ఎంత ఉంటుందో ఆయనకు కంఠతా వచ్చు, దాన్ని బట్టి ఎక్స్‌పోజర్ లెక్కకట్టి ఒక పలక వాడారు. రెండోది వాడబోయేలోగా శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి దాదాపు నాలుగు దశాబ్దాల్లో ఆయన వెయ్యికి పైగా ప్రింట్లు చేశారు. తొలినాటి ప్రింట్లలో పై ఆకాశంలో మబ్బుల చారలు కనపడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశం చీకటవుతూ వచ్చి, చివరికి చంద్రుడి చుట్టూ నిండు నలుపే మిగిలింది. ఎన్‌లార్జర్ కింద తీగ చివర అతికించిన అట్టముక్కను ఊపుతూ ఒకచోట వెలుతురు ఆపడం, మరోచోట అరచేతుల సందులోంచి ఇంకొంచెం పడనివ్వడం, ప్రతి ప్రింటుకూ ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయడం. మన ఊళ్లలో స్టూడియోవాళ్లు ఒకప్పుడు ‘ఫోటోలు కడగడం’ అనేవారు. ఆ కడగడంలోనే సగం కళ ఉందని ఆడమ్స్ చూపించారు.

ఇక్కడ ‘తీయడం’ అనే మన మాట వేరే ముఖం చూపుతుంది. మనం రుమాలు ఒక్కటే తీయం. వెన్న కూడా తీస్తాం. గానుగలో నూనె తీస్తాం, పట్టుగూడు నుంచి దారం తీస్తాం, గొంతు ఎత్తి రాగం తీస్తాం. పెరుగులో వెన్న లేదని ఎవరూ అనరు, చిలకకుండా దానంతట అది వస్తుందనీ ఎవరూ అనరు. ఎంతసేపు చిలకాలో, ఎప్పుడు చన్నీళ్లు పోయాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేతికే వెన్న పడుతుంది. ఫోటో తీయడం ఈ అర్థంలో తీయడమే. కొండ నుంచి, వెలుతురు నుంచి, నెగెటివ్ నుంచి అందులో ఉన్నదాన్నే తీయాలి, కానీ చిలికి తీయాలి. మన భాష ఫోటోగ్రఫీని చిన్నచూపు చూడలేదు, ఆ మాటలోని శ్రమను మనమే మరిచిపోయాం.

సాంకేతికత మీద ఇంత మక్కువ ఉంటే ఆత్మ ఎక్కడ మిగులుతుందని మరో అభ్యంతరం. తోటి ఫోటోగ్రాఫర్ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో ఆడమ్స్ రూపొందించిన జోన్ సిస్టమ్ నిండు నలుపు నుంచి నిండు తెలుపు దాకా ఛాయలను సున్నా నుంచి పది వరకు పదకొండు మెట్లుగా విభజిస్తుంది. కొండ నీడ ఏ మెట్టు మీద పడాలో, మంచు ఏ మెట్టు మీద నిలవాలో ముందే నిర్ణయించి, ఎక్స్‌పోజర్‌నూ డెవలపర్‌లో ఉంచే సమయాన్నీ దాన్ని బట్టి కుదురుస్తారు. దీన్ని లెక్కల పుస్తకంగా మార్చుకుని, నీడల కొలతల్లోనే మునిగి, చూడదగ్గ బొమ్మ ఒక్కటీ చేయనివారు లేకపోలేదు. ఆ తప్పు సాధనది కాదు. హెర్నాండెజ్‌లో మీటరు దొరకని క్షణంలో ఆయనను కాపాడింది ఈ లెక్కే. తాళం తొడ మీద వేలికి అలవడినవాడికే రాగం మీద మనసు పెట్టే తీరిక దొరుకుతుంది. నేర్పు లేని ఆవేశం తాను చూసినదాన్ని ఇంకొకరికి చేర్చలేదు. ఆవేశం లేని నేర్పుకు చేర్చడానికి ఏమీ ఉండదు. రెండోదాని కంటే మొదటిదాన్ని మనం ఎక్కువగా క్షమిస్తాం, అంత క్షమించనక్కరలేదు.

గ్యాలరీకి కాస్త దూరంలో, మ్యూజియం వెనక, దేవదారు బెరడుతో కట్టిన గుడిసెల నమూనా పల్లె ఒకటుంది. ఈ లోయ అవానీచీ ప్రజలది. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వారిని తరుముతూ ఇక్కడికి వచ్చింది. లోయలో మిగిలిన వారి చివరి పల్లె ఇళ్లను 1969లో కూల్చేశారు. హాఫ్ డోమ్ ముఖం మీది నల్లటి చారలను వాళ్లు ఒక స్త్రీ కన్నీటి ధారలుగా చెప్పుకుంటారు. ఆడమ్స్ బొమ్మల్లో లోయ మనిషి అడుగు పడని చోటులా ఉంటుంది. నిజానికి ఆయన మెచ్చిన విశాలమైన గడ్డి మైదానాలు కూడా అవానీచీలు తరతరాలుగా పద్ధతి ప్రకారం నిప్పు పెట్టి, పొదలు పెరగకుండా, వారి తిండికి ఆధారమైన ఓక్ చెట్లు నిలిచేలా కాపాడుకున్నవే. అంటే ఆయన ప్రకృతి అనుకున్నదాంట్లో మనిషి పని ఉంది. ఇది ఆయన ఒక్కరి పొరపాటు కాదు, ఆ కాలపు అమెరికా మొత్తం అలాగే చూసింది. అయినా చట్రంలోని ప్రతి ఛాయకూ బాధ్యత తీసుకున్న కళాకారుడు చట్రం బయట వదిలినదానికీ బాధ్యుడే. ఈ విషయంలో ఆయన బొమ్మలు జవాబు చెప్పలేవు. వాటిని ప్రేమించేవారు ఈ లోటును దాచిపెట్టనక్కరలేదు.

మంచు లేని నెలల్లో లోయ నుంచి టియోగా రోడ్డు తెరిచి ఉంటుంది. టెనాయా సరస్సు దాటి, పదివేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తున కనుమ ఎక్కి, సియెరా పర్వతాల తూర్పు వాలుకు దిగితే లోకం మారిపోతుంది. చెట్లు పోయి, ఎండిన నేల, కుడివైపు గోడలా సాగే మంచు శిఖరాలు. 395వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా వెళ్తే మాంజనార్ వస్తుంది. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో, పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలున్న లక్షా పదివేల మందికి పైగా ప్రజలను ఇళ్ల నుంచి లేపి నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. అలాంటి పది శిబిరాల్లో ఇది ఒకటి, ఒక దశలో పదివేల మందికి పైగా ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు అక్కడ పునాదులు, తిరిగి కట్టిన ఒకటి రెండు బ్యారక్‌లు, ఒక కాపలా బురుజు, తెల్లటి స్మారక స్తంభం ఉన్నాయి.

లోకం కాలిపోతుంటే ఆడమ్స్, వెస్టన్ వంటివారు రాళ్లకు ఫోటోలు తీస్తున్నారని ఆ కాలంలోనే నింద వచ్చింది. మాంజనార్ ఆ నిందకు కొంత జవాబు. 1943లో ఆడమ్స్ ఇక్కడికి వచ్చి, శిబిరంలోని మనుషుల ముఖాలను దగ్గరగా, నిండు ఎండలో, హాఫ్ డోమ్‌కు ఇచ్చినంత గౌరవంతో ఫోటోలు తీశారు. యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1944లో, వీరు మనలాంటి పౌరులే అని వాదిస్తూ ‘బార్న్ ఫ్రీ అండ్ ఈక్వల్’ అనే పుస్తకం వేశారు. అప్పటి వాతావరణంలో అది తేలికైన పని కాదు. కానీ ముళ్లతీగ, బురుజులు, సాయుధ కాపలా చూపకూడదన్న షరతుకు లోబడి ఆయన పని చేశారు. శిబిరంలోనే బందీగా ఉన్న టోయో మియాటాకే అనే స్టూడియో ఫోటోగ్రాఫర్ లెన్సును రహస్యంగా లోపలికి తెచ్చుకుని, చెక్కతో కెమెరా పెట్టె చేయించుకుని పని మొదలుపెట్టారు. ముళ్లతీగ వెనక నిలబడ్డ ముగ్గురు కుర్రాళ్ల బొమ్మ ఆయనదే. ఇద్దరి పనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆడమ్స్ బొమ్మల్లో మనుషుల గౌరవం తెలుస్తుంది, మియాటాకే బొమ్మలో వారికి జరిగిన అన్యాయం తెలుస్తుంది. ఒకరి దగ్గర లేనిది మరొకరి దగ్గర ఉంది. మంచి కళ అని ఆడమ్స్‌ను మెచ్చుకునేటప్పుడు మియాటాకే పేరు కూడా చెప్పడం న్యాయం.

మాంజనార్ దాటి కొద్ది మైళ్లు పోతే లోన్ పైన్ ఊరు, దాని వెనక 14,505 అడుగుల మౌంట్ విట్నీ ఉన్న శిఖరాల వరుస. 1944 చలికాలంలో ఆడమ్స్ ఇక్కడే ‘వింటర్ సన్‌రైజ్’ చేశారు. పైన ఎండ తగిలిన మంచు శిఖరాలు, నడుమ నల్లటి అలబామా గుట్టలు, కింద పచ్చికలో వెలుగు మరక మీద మేస్తున్న గుర్రం. చాలాసేపు అటు తిరిగి నిలబడిన గుర్రం చివరి క్షణంలో పక్కకు తిరిగింది. ఆ అదృష్టాన్ని ఆయన అందుకున్నారు. కానీ ఆ నల్లటి గుట్ట మీద ఊరి హైస్కూలు పిల్లలు సున్నం పూసిన రాళ్లతో ఎల్, పీ అనే పెద్ద అక్షరాలు పేర్చారు. ఆడమ్స్ వాటిని టచప్ చేసి తుడిపేశారు. ఇది ఫిల్టరు లాంటిది కాదు. ఉన్న వస్తువునే లేకుండా చేయడం. తన సొంత ప్రకటనకు విరుద్ధంగా నడిచారని అంటే కాదనలేం. నా దృష్టిలో ఆయనను నిలబెట్టేది ఒక్కటే: తాను ఏం తుడిచారో, ఎందుకు తుడిచారో తానే పుస్తకంలో రాసి పెట్టారు. ఆ బొమ్మ ముందు నిలబడినవారు ఆయనతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. మోసపోవడం మాత్రం జరగదు. జవాబుదారీ అంటే తప్పు చేయకపోవడం కాదు, చేసినది దాచకపోవడం.

ఈ బొమ్మల వల్ల ఏం ఒరిగిందని అడిగేవారూ ఉన్నారు. 1861లో కార్లెటన్ వాట్కిన్స్ పెద్ద పలకల మీద చేసిన యోసెమిటీ ఫోటోలు తూర్పు తీరం చేరాయి. 1864లో అధ్యక్షుడు లింకన్ ఈ లోయను కాపాడే చట్టం మీద సంతకం చేసే నాటికి దీన్ని కళ్లతో చూడని వారెందరికో ఆ ఫోటోలే సాక్ష్యం. 1938లో ఆడమ్స్ వేసిన సియెరా నెవాడా పుస్తకం రూజ్‌వెల్ట్ దాకా వెళ్లింది, 1940లో కింగ్స్ క్యాన్యన్ జాతీయ వనం ఏర్పడటానికి సాయపడింది. ఆ బొమ్మలే జనాన్ని రప్పించి, ఏటా నలభై లక్షల మంది తొక్కిడికి లోయను అప్పగించాయనే మాటలోనూ నిజం ఉంది. అయితే చూడని చోటు కోసం ఎవరూ పోరాడరు. చూసినవారు ఎక్కువైతే వచ్చే కష్టాన్ని నియమాలతో సరిదిద్దుకోవచ్చు. ఎక్కువమంది చూడకముందే ఆనకట్ట నీట మునిగిన చోటును సరిదిద్దుకోలేం. యోసెమిటీ వనంలోనే ఉన్న హెచ్ హెచీ లోయకు 1923లో ఆ గతే పట్టింది.

ఇప్పుడు మన చేతిలోని ఫోన్ మీట నొక్కగానే అనేక ఎక్స్‌పోజర్లు తీసుకుని, కలిపి, ఆకాశాన్ని తనంతట తానే నీలం చేసి, ముఖాలను వెలిగించి ఇస్తుంది. ఎర్ర ఫిల్టరును మించిన మార్పులు మనకు తెలియకుండానే జరిగిపోతున్నాయి. ఆడమ్స్ కాలం పోయింది, ఆ శ్రమకు అర్థం లేదని వాదించేవారికి ఇదే జవాబు. యంత్రం నిర్ణయించినకొద్దీ నిర్ణయించే మనిషి అవసరం పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ చిత్రాలు రాబోతున్నాయని 1980ల మొదట్లోనే ఆశగా రాసినవారు ఆయన, కొత్త సాధనానికి ఆయన శత్రువు కాదు. నిర్ణయాన్ని సాధనానికి వదిలేయడానికే శత్రువు. అదే ఫోన్‌తో, ఎండ మళ్లేదాకా ఆగి, ఏం ఉండాలో ఏం వద్దో ఎంచుకుని, వచ్చినదానికి నాదే పూచీ అనగలిగితే అది కళే.

1927 ఏప్రిల్‌లో ఆ రాతి భుజం మీద ఆడమ్స్ చేతిలో మిగిలినవి రెండే గాజు పలకలు. మన ఫోన్లలో వేల ఫోటోలకు చోటుంది. ఈసారి టన్నెల్ వ్యూ గోడ దగ్గర అమ్మానాన్నలను నిలబెట్టినప్పుడు, మన దగ్గరా రెండే మిగిలాయనుకుందాం. ముందు లోయను చూద్దాం, వాళ్ల ముఖాలను చూద్దాం. ఆ తర్వాతే ఫోటో తీద్దాం, వెన్న తీసినట్టు.